గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల షాపులో అడిగి ఒక మాత్ర వేసుకుంటే ఆ పూటకు మంట తగ్గుతుంది. మర్నాడు రాత్రి మళ్లీ వస్తుంది. చాలామందిలో దాని మూలం తిన్న పదార్థంలో కంటే తిన్న వేళలో, మోతాదులో, తిన్నాక పడుకున్న తీరులో ఉంటుంది. కింది జవాబులు ఎక్కువగా వాటి గురించే. మొదటి ప్రశ్న మాత్రం వేరు. మిగతావి చదివినా చదవకపోయినా దాన్ని చదవండి.

ఛాతీలో మంటగా ఉంది. గ్యాసా, గుండెపోటా? ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని కచ్చితంగా తేల్చలేం. డాక్టర్లు కూడా ఈసీజీ, రక్తపరీక్ష చూశాకే చెబుతారు. మామూలు ఎసిడిటీ మంట తిన్న తర్వాతో, వంగినప్పుడో, పడుకున్నప్పుడో వస్తుంది. రొమ్ము ఎముక వెనక మొదలై గొంతు దాకా పాకుతుంది. నోట్లోకి పుల్లగా, చేదుగా నీళ్లు వస్తాయి. గుండెకు సంబంధించిన నొప్పి ఎక్కువగా బరువు పెట్టినట్టు, పిండేసినట్టు ఉంటుంది. ఎడమ చేతికో, భుజానికో, దవడకో, వీపుకో లాగుతుంది. చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం కూడా ఉండొచ్చు. మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి ఉన్నా గుండెనే అనుమానించాలి.

ఈ తేడాలు అందరిలో ఇంత స్పష్టంగా కనపడవు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో గుండెపోటు వట్టి కడుపుబ్బరంలా, వికారంలా, నీరసంలా రావచ్చు. ‘గ్యాస్ నొప్పేలే’ అని సోడా తాగి పడుకోవడం వల్ల ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. తేన్పు వచ్చాక తేలికపడింది కదా, సిరప్ తాగితే తగ్గింది కదా అనుకోవద్దు. అవి గుండెపోటు కాదనడానికి రుజువులు కావు. ఎప్పుడూ లేని రకం నొప్పి వచ్చినా, పైన చెప్పిన గుండె లక్షణాల్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే, ఎవర్నో ఇబ్బంది పెడుతున్నామని మొహమాటపడొద్దు.

మంట అసలు ఎందుకు వస్తుంది? నా ఒంట్లో యాసిడ్ ఎక్కువగా తయారవుతోందా?

చాలామందిలో యాసిడ్ మామూలుగానే తయారవుతుంది. అది ఉండాల్సిన చోట ఉండకపోవడంతోనే ఇబ్బంది. అన్నం గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టాన్ని అన్నవాహిక అంటారు. అది జీర్ణాశయంతో కలిసేచోట ఒక కండరం, సంచి మూతికి నాడా లాగినట్టు, బిగుసుకుని ఉంటుంది. మనం మింగినప్పుడు వదులై మళ్లీ బిగుస్తుంది. జీర్ణాశయం లోపలి గోడకు యాసిడ్‌ని తట్టుకునే జిగురు పొర ఉంది. అన్నవాహికకు అంత రక్షణ లేదు.

కడుపు నిండి సాగినకొద్దీ ఆ కండరం మధ్యమధ్యలో తనంతట తానే వదులవుతుంది. తేన్పు వచ్చేదీ అలాగే. పగలు కూర్చునో నిలబడో ఉంటాం కాబట్టి పైకి వచ్చింది కిందికి జారిపోతుంది, మింగే ఉమ్మి మిగిలిన యాసిడ్‌ని విరిచేస్తుంది. నిద్రలో ఉమ్మి ఊరడం, మింగడం బాగా తగ్గిపోతాయి. ఒళ్లు కూడా అడ్డంగా ఉంటుంది. అందుకే రాత్రి ఎక్కిన యాసిడ్ అన్నవాహికలో ఎక్కువసేపు నిలిచిపోతుంది, ఎక్కువ హాని చేస్తుంది.

కారం మానేస్తే సరిపోతుందా?

కొందరికి సరిపోతుంది. చాలామందికి సరిపోదు.

మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ని గుర్తుపట్టి నరానికి కబురందించే గ్రాహకం అనే ప్రొటీన్‌ను కనిపెట్టినందుకు శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ గ్రాహకం కారానికి మాత్రమే కాదు, వేడికీ ఆమ్లానికీ కూడా స్పందిస్తుంది. అన్నవాహిక నరాల్లో కూడా అది ఉంది. అప్పటికే యాసిడ్ తగిలి ఒరుసుకుపోయిన అన్నవాహిక మీదుగా పచ్చిమిరపకాయ పచ్చడి దిగితే మంట మరింతగా తెలుస్తుంది. అలాంటివాళ్లు పుండు మానేదాకా కారం తగ్గించుకోవడం మంచిదే.

కానీ మన ఇళ్లలో నింద మొత్తం కారం మీద పడుతుంది, నూనె తప్పించుకుంటుంది. కొవ్వు ఎక్కువైన భోజనం కడుపులోంచి నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పైనున్న కండరాన్నీ వదులు చేస్తుంది. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు తిని, రాత్రి పదిన్నరకి బిర్యానీ తిని, ‘కారం పడలేదు’ అనుకుంటే అసలు కారణం దొరకదు. ఆ బజ్జీలో మిరపకాయ ఒకటే. దాని చుట్టూ పీల్చుకున్న నూనె సంగతి చూడాలి.

చింతపండు పులుసు, గోంగూర, టమాటా, నిమ్మ, పచ్చి ఉల్లిపాయ, కాఫీ, చాక్లెట్ కూడా కొందరికి పడవు. అందరికీ ఒకే జాబితా పెట్టడం కుదరదు. రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి: ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, మంట ఎప్పుడొచ్చింది. మీకు పడనివి రెండో మూడో తేలతాయి. వాటిని తగ్గిస్తే చాలు. జీవితాంతం చప్పిడి కూడు తినమని నేనైతే ఎవరికీ చెప్పను. అలా చెబితే పది రోజులు పాటించి పదకొండో రోజు అన్నీ వదిలేస్తారు.

రాత్రి భోజనం ఎన్నింటికి చేయాలి?

పడుకోవడానికి కనీసం రెండు, మూడు గంటల ముందు. పదకొండుకి పడుకునేవాళ్లు ఎనిమిదింటికల్లా చెయ్యి కడుక్కోవాలి. ‘ఒక్క అలవాటే మార్చుకోగలను, ఏది మార్చుకోమంటారు?’ అంటే నా జవాబు ఇదే.

చెప్పినంత తేలిక కాదని తెలుసు. షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి పదవుతుంది. అమెరికా టైముకి మీటింగులు ఉన్నవాళ్లకు తొమ్మిదింటికి కదలడానికి ఉండదు. ఇలాంటివాళ్లు భోజనాన్ని రెండుగా విడదీసుకోవచ్చు. ఏడింటికి పనిచేసే చోటే ఇంటి బాక్సులోంచి అన్నమో, రొట్టె కూరో కడుపుకు సరిపడా తినేయండి. ఇంటికొచ్చాక ఆకలేస్తే ఒక ఇడ్లీ, ఒక అరటిపండు, కొంచెం పెరుగన్నం లాంటివి చాలు. రోజంతా సరిగ్గా తినకుండా రాత్రి ఒకేసారి కంచం నింపుకోవడమే అసలు చేటు.

ఇంట్లో ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, పదిన్నరకి మిగిలినదంతా తిని, వెంటనే నడుం వాల్చే అమ్మలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నారు. వాళ్లకు మాత్రలు కొనిచ్చే బదులు అందరూ కలిసి ఎనిమిదింటికి కూర్చుని తినండి. పారేయలేక మిగిలింది తినే అలవాటు ఉంటే వండేటప్పుడే ఒక గ్లాసు బియ్యం తగ్గించండి. ఆవిడకు మంట తగ్గడం ఆవిడ ఒక్కదాని చేతిలోనే లేదు.

మంచం తలవైపు ఎత్తు పెట్టుకోమంటారు. రెండు దిండ్లు పెట్టుకుంటే చాలదా?

చాలదు. దిండు మీద దిండు పెడితే తల, మెడ మాత్రమే లేస్తాయి. నడుము దగ్గర ఒళ్లు మడతపడి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, మెడనొప్పి అదనం. ఛాతీ మొత్తం ఏటవాలుగా లేవాలి. మంచం తలవైపు కోళ్ల కింద చెక్క దిమ్మలు గానీ ఇటుకలు గానీ పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. కోళ్లు జారకుండా గట్టిగా కూర్చున్నాయో లేదో చూసుకోండి. పక్కన పడుకునేవాళ్లకు నచ్చకపోతే, లేదా పరుపు నేల మీద వేసుకునేవాళ్లయితే, వీపు సగం దాకా వచ్చే వాలు ఫోమ్ దిండు దొరుకుతుంది. అది వాడండి.

ఎడమపక్కకు తిరిగి పడుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. అలా పడుకుంటే జీర్ణాశయంలోని యాసిడ్ అన్నవాహిక మూతికి దిగువన ఉంటుంది. కుడిపక్కకు తిరిగితే మూతి మీదికే వస్తుంది. దీనికి ఖర్చు లేదు, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.

మధ్యాహ్నం తిన్నాక కాసేపు కునుకు తీయొచ్చా?

వాలు కుర్చీలో తీయండి. మంచం మీద వద్దు.

మంట వచ్చినప్పుడు చల్లటి పాలు తాగితే తగ్గుతుంది కదా?

తాగినప్పుడు తగ్గుతుంది. పాలలోని మాంసకృత్తులు, క్యాల్షియం వల్ల కాసేపటికి కడుపు మళ్లీ యాసిడ్ వదులుతుంది. వెన్న తీయని పాలయితే కొవ్వు తోడై కడుపు ఖాళీ అవడం ఇంకా ఆలస్యమవుతుంది. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసు నిండా పాలు తాగే అలవాటు ఉన్నవాళ్లు అది మానేసి చూడాలి. పలచటి మజ్జిగ చాలామందికి పడుతుంది. బాగా పులిసిన మజ్జిగ, అందులో పచ్చిమిర్చి, అల్లం దంచి వేస్తే మాత్రం కొందరికి ఎదురుతిరుగుతుంది. అప్పటికప్పుడు ఉపశమనానికి అన్నిటికంటే ముందు చేయాల్సింది లేచి నిటారుగా కూర్చోవడం, రెండు మూడు గుక్కల మంచినీళ్లు తాగడం.

గోలీ సోడా, ఈనో, తినే సోడా?

గోలీ సోడా, నిమ్మ సోడా, కూల్‌డ్రింకులు కడుపును గ్యాస్‌తో ఉబ్బిస్తాయి. పెద్ద తేన్పు వచ్చి హాయిగా అనిపిస్తుంది. ఆ తేన్పుతోనే యాసిడ్ పైకి వస్తుంది. ఈనోలో ఉన్నది సోడియం బైకార్బొనేట్, సిట్రిక్ యాసిడ్. అది యాసిడ్‌ని విరుస్తుంది, ఎప్పుడో ఒకసారి వాడితే తప్పులేదు. కానీ అందులో సోడియం బాగా ఎక్కువ. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. వంటింటి సోడాను చెంచాలతో నీళ్లలో కలుపుకుని తాగడం ఎవరికీ మంచిది కాదు.

జీలకర్ర, సోంపు, అల్లం, పుదీనా?

భోజనం తర్వాత సోంపు నమిలితే ఉమ్మి బాగా ఊరుతుంది, ఆ ఉమ్మి యాసిడ్‌ని విరుస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా అదే మేలు. జీలకర్ర నీళ్లు తాగి బాగుందంటే తాగండి, హాని లేదు. అల్లం వికారానికి మంచిదే గానీ ఎక్కువైతే అదే మంట పుట్టిస్తుంది. పుదీనా విషయంలో జాగ్రత్త: పిప్పర్మెంట్ కండరాలను వదులు చేస్తుంది. కడుపునొప్పికి అది మేలు. అన్నవాహిక మూతికి చేటు. భోజనం కాగానే పిప్పర్మెంట్ బిళ్ల చప్పరించే అలవాటుంటే కొన్నాళ్లు ఆపి చూడండి.

పొద్దున్నే పరగడుపున కాఫీ? నిమ్మరసం, తేనె?

కాఫీ అందరికీ మంట తెప్పించదు. తెప్పిస్తే ఇడ్లీయో ఉప్మానో తిన్నాక తాగండి, కప్పు చిన్నది చేయండి. నిమ్మరసం మాత్రం మంట ఉన్నవాళ్లు మానేయాలి. బరువు తగ్గడానికని తాగుతూ, మంటకు మాత్ర వేసుకోవడం అర్థం లేని పని.

బరువుకూ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు జీర్ణాశయాన్ని లోపలి నుంచి నొక్కుతూనే ఉంటుంది. ఈ మధ్య కొన్ని కిలోలు పెరిగాక మంట మొదలైందంటే, ఆ కొన్ని కిలోలు తగ్గితే చాలాసార్లు అదే పోతుంది. పది, ఇరవై కిలోలు తగ్గేదాకా ఆగక్కర్లేదు.

ఒత్తిడి బయటి నుంచి కూడా వస్తుంది. బిగుతు బెల్టు, జీన్స్, చీర కింద గట్టిగా ముడేసిన లంగా నాడా. పెళ్లి భోజనం అయ్యాక నాడా కాస్త వదులు చేసుకుంటే చాలామందికి అప్పటికప్పుడే తెరిపిగా ఉంటుంది. తిన్న వెంటనే వంగి ఇల్లు తుడవడం, మొక్కల్లో కలుపు తీయడం, బరువులెత్తడం వద్దు. సూర్యనమస్కారాలు, సర్వాంగాసనం, హలాసనం లాంటివి ఖాళీ కడుపుతోనే. తిన్నాక ఇంటి ముందు పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి.

సిగరెట్, ఖైనీ, మందు?

సిగరెట్ అన్నవాహిక మూతి దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది, ఉమ్మిని తగ్గిస్తుంది. రెండు వైపులా దెబ్బ. ఖైనీ, గుట్కా నమిలేవాళ్లలో కూడా నికోటిన్ అదే పని చేస్తుంది. వాళ్లకు అన్నవాహిక క్యాన్సర్ ముప్పు కూడా ఉంది కాబట్టి ఇది మంటతో ఆగే విషయం కాదు. మందు కూడా కండరాన్ని వదులు చేస్తుంది. దానితో పాటు వచ్చే వేపుళ్లు, ఆలస్యపు భోజనం, వెంటనే పడక, అన్నీ కలిసి తెల్లవారుజామున లేపుతాయి.

టెన్షన్ వల్ల ఎసిడిటీ వస్తుందా?

టెన్షన్ వల్ల అదే యాసిడ్ ఎక్కువ మంటగా తెలుస్తుంది. నిద్ర చెడినా అంతే. పైగా టెన్షన్‌లో గబగబా తింటాం, సరిగ్గా నమలం, కాఫీలు, సిగరెట్లు పెరుగుతాయి. పొట్ట పైకి లేచేలా నిదానంగా ఊపిరి పీల్చి వదిలే సాధన కొందరికి ఉపయోగపడుతుంది. అన్నవాహిక మూతి చుట్టూ ఉండే ఉదరవితానం అనే కండరం దానివల్ల బలపడుతుంది.

ఉపవాసం, రంజాన్ రోజుల్లో ఏం చేయాలి?

ఖాళీ కడుపు కంటే ఉపవాసం విడిచే తీరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏకాదశి మర్నాడు పూర్ణాలు, పులిహోరతో, ఇఫ్తార్‌లో సమోసాలు, హలీమ్‌తో ఒక్కసారి నింపకండి. ఖర్జూరం, నీళ్లు, పండ్లతో మొదలుపెట్టి కాసేపాగి భోజనం చేయండి. సహరీ (తెల్లవారుజాము భోజనం) తిన్నాక మళ్లీ పడుకునేవాళ్లు తలవైపు ఎత్తు పెట్టుకోవాలి.

గర్భిణిని. ఏడో నెల నుంచి మంట భరించలేకపోతున్నాను.

ఇది చాలా మామూలు. గర్భంలో పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోను ఆ కండరాన్ని వదులు చేస్తుంది, పెరిగే గర్భాశయం కడుపును పైకి నెడుతుంది. కాన్పు అయ్యాక ఎక్కువమందికి తగ్గిపోతుంది. కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినండి. ‘ఇద్దరి కోసం తినాలి’ అని పెద్దవాళ్లు కంచం నింపుతుంటే, రెండు విడతలుగా తింటానని చెప్పండి. ఎడమపక్కకు తిరిగి పడుకోండి. గర్భిణులకు పనికొచ్చే మందులు ఉన్నాయి కాబట్టి డాక్టరమ్మను అడగండి, ఓర్చుకోవాల్సిన పనిలేదు.

ఒక్క హెచ్చరిక. ఐదో నెల దాటాక డొక్క పైభాగంలో, ముఖ్యంగా కుడివైపు నొప్పి వస్తూ, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు ఉంటే అది ఎసిడిటీ కాకపోవచ్చు. బీపీ పెరిగి వచ్చే ప్రమాదం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రోజూ పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. ఏళ్లయింది. పర్వాలేదా?

మీకు ఎవరు, దేనికి రాశారన్నది ముఖ్యం. యాసిడ్ తయారవడాన్ని తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ మంచి మందులే. అన్నవాహిక పుండు పడితే నాలుగు నుంచి ఎనిమిది వారాల కోర్సుతో మానిపోతుంది. టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. తిన్నాక, మంట వచ్చాక వేసుకుంటే వాటి ప్రయోజనం బాగా తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది.

చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు: నెలల తర్వాత ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాలపాటు కడుపు మామూలు కంటే ఎక్కువ యాసిడ్ చేస్తుంది. దాంతో ‘మాత్ర లేకపోతే బతకలేను’ అనిపించి మళ్లీ మొదలుపెడతారు. డాక్టర్ని అడిగి డోసు మెల్లగా తగ్గించుకుంటూ, ఆ వారాల్లో భోజన వేళలు, పడక ఎత్తు గట్టిగా పాటిస్తే చాలామంది బయటపడగలరు. అన్నవాహిక బాగా దెబ్బతిన్నవాళ్లు, గుండె కోసం రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఈ యాసిడ్ మాత్రను సొంతంగా ఆపకూడదు. వాళ్లకు అది అవసరమై ఇస్తారు.

ఈ మందుల్లోనే పేరు చివర డి, డిఎస్ఆర్ అని ఉన్న క్యాప్సూల్‌లో డాంపెరిడోన్ అనే మరో మందు కూడా ఉంటుంది. అది కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. షాపులో ఇచ్చారని రోజూ మింగే మందు కాదది.

నేను వాడే వేరే మందుల వల్ల మంట రావచ్చా?

రావచ్చు. కీళ్లనొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, గుండెకు వాడే ఆస్పిరిన్ కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటివి కొందరిలో ఆ కండరాన్ని వదులు చేస్తాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్ గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తాయి. వాటిని గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండాలి. బీపీ, గుండె మాత్రలు సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెబితే మారుస్తారు. థైరాయిడ్ మాత్రకూ యాంటాసిడ్‌కూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచండి.

ఇది అల్సరా?

ఈ మంట, అల్సర్ రెండూ వేరు. అల్సర్ అంటే జీర్ణాశయంలోనో చిన్నపేగు మొదట్లోనో పడే పుండు. నొప్పి ఎక్కువగా బొడ్డుకు పైన ఉంటుంది. నొప్పి మాత్రలు, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా దానికి ముఖ్య కారణాలు. ఆ బ్యాక్టీరియాను బయటపెట్టిన శాస్త్రవేత్తలు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దానికి యాంటీబయాటిక్ కోర్సు ఉంది, అలవాట్లతో పోదు. నొప్పి బొడ్డు పైన పట్టి ఉంటే ఇంటి చిట్కాలతో కాలం గడపకండి.

మంట లేదు గానీ పొడి దగ్గు, పొద్దున గొంతు బొంగురు. ఇదీ ఎసిడిటీయేనా?

కావచ్చు. యాసిడ్ గొంతు దాకా ఎక్కితే దగ్గు, బొంగురు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం కనిపిస్తాయి. కానీ ఉబ్బసం, సైనస్, టీబీ కూడా దగ్గు తెప్పిస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్లె పరీక్ష చేయించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఎండోస్కోపీ తప్పదా?

వారంలో రెండు, అంతకంటే ఎక్కువసార్లు మంట వస్తుంటే, నెల రోజులు అలవాట్లు మార్చినా తగ్గకపోతే వెళ్లండి. అందరికీ ఎండోస్కోపీ అక్కర్లేదు. ముందు మందుల కోర్సు ఇచ్చి చూస్తారు.

మింగుతుంటే అన్నం అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, రక్తహీనత ఉంటే, లేదా యాభై దాటాక మొదటిసారి మంట మొదలైతే మాత్రం ఆలస్యం చేయొద్దు. రక్తపు వాంతి గానీ, కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి గానీ అయితే, తారులా నల్లగా విరేచనం అయితే అప్పటికప్పుడే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు మలం నల్లగా రావడం మామూలే కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వెళ్లేటప్పుడు వాడే మాత్రల పట్టీలన్నీ, రెండు వారాలు రాసిన నోట్‌బుక్ పట్టుకెళ్లండి.